విలియం కాబెట్టు: వ్యాకరణము నేర్చిన సిపాయి

ఇంగ్లీషు క్రియల కాలములను నేర్చుట మిక్కిలి కష్టమని మన విద్యార్థులలో పలువురు తలంతురు. తెలుగున ‘వచ్చును’ అను నొక్క రూపమే నిత్యము జరుగు పనిని, ఇక ముందు జరుగబోవు పనిని గూడ తెలుపును. ఇంగ్లీషున ఆ రెంటికిని వేర్వేరు రూపములు గలవు. కావున మనకు తడబాటు కలుగుట సహజమే. అయితే ఇంగ్లీషు మాతృభాషగా గలవానికి సైతము వ్యాకరణము శ్రమ లేక లభింపదనుటకు విలియం కాబెట్టు చరిత్రమే నిదర్శనము.

ఇతడు 1763 వ సంవత్సరము మార్చి 9 వ తేదీన ఇంగ్లండు దేశమందలి ఫార్న్‌హాము పట్టణమున జన్మించెను. తండ్రి సామాన్యుడైన రైతు. పసితనమున పొలముపై వ్రాలు పక్షులను తోలుటయే బాలుని పని. చదువను వ్రాయను తండ్రియే కొంత నేర్పెను. పదునొకండవ యేట ఇతడు పని వెదకికొనుచు క్యూ ఉద్యానమునకు కాలినడకను పోవుచుండగా, నొక యంగడిలో స్విఫ్టు రచించిన చిన్న గ్రంథము కంటబడెను. చేత నున్నవి మూడు పెన్నీలు మాత్రమే. పుస్తకము వెలయు నంతియే. రాత్రి భోజనమునకై యుంచుకొనిన యా పెన్నీలతో పుస్తకమును కొని, గడ్డిమేటు చెంత కూర్చుండి చీకటి పడువరకు చదివెను.

1784 లో కాబెట్టు సైన్యమున చేరెను. దస్తూరి చక్కగా నుండుటచే చాతము పట్టణమున దండు పైయధికారి యితనిచే లేఖలకు నకళ్లు వ్రాయించుకొనుచుండెను. వ్రాత బాగుగా నున్నను వ్యాకరణజ్ఞానము లేకుండుట గమనించి, దానిని నేర్వుమని యా యధికారి హితవు చెప్పెను. కాబెట్టు వెంటనే బిషప్ లౌత్ రచించిన వ్యాకరణమును సంపాదించెను.

సిపాయి జీతము దినమునకు 6 పెన్నీలు. తిండి మున్నగు వ్యయములు పోగా వారమునకు మిగులునవి 2 పెన్నీలు. పడుకొను బల్ల యంచే యతనికి పీఠము. వీపున మోయు సంచియే పుస్తకముల బీరువా. ఒడిలో నుంచుకొనిన పలకచెక్కయే వ్రాతబల్ల. దీపమునకు నూనె కొన శక్తి లేనందున చలికాలపు రాత్రులందు పొయ్యి వెలుతురే దిక్కు. అదియు తన వంతు వచ్చినపుడే. చుట్టును తోడి సిపాయిలు నవ్వుచు, పాడుచు, ఈల వేయుచుందురు. కలము, సిరా, కాగితములు కొనుటకు ఆకలినే చంపుకొనవలసి యుండెను. ఒకసారి మరునాడు చేపను కొనుక్కొని తినవలెనని యర పెన్నీని దాచుకొనెను. రాత్రి చూడగా నది ఎచ్చటనో జారిపోయినది. అంతట నా యువకుడు కంబళిలో తల దూర్చుకొని పసిబిడ్డవలె నేడ్చెను. అయినను చదువు మానలేదు.

అతడు వ్యాకరణమంతయు రెండు మూడు మారులు తన చేతితో వ్రాసెను. పిదప కంఠస్థము చేసెను. ఉదయ సాయంకాలములందు వల్లించుటయే గాక, పహరాకు నిలిచిన ప్రతి పర్యాయమును మొదటినుండి తుదివరకు ఒకసారి మననము చేయుట నియమముగా పెట్టుకొనెను.

పిమ్మట అతడు అమెరికాలోని న్యూ బ్రన్స్‌విక్కునకు పోయి, సార్జెంటు మేజరు పదవి నంది, 1791 లో సైన్యమును విడిచెను. ఫిలడెల్ఫియా నగరమున ఫ్రెంచి వారికి ఇంగ్లీషు నేర్పి, 1795 లో వారికై యొక వ్యాకరణము రచించెను. 1800 లో స్వదేశమునకు మరలి, 1802 లో పత్రికను స్థాపించెను. ఈలీ పట్టణమున సిపాయిలను కొరడాలతో కొట్టించిన క్రౌర్యమును ఖండించినందులకు 1810 లో రెండేండ్ల చెరయు, 1000 పౌనుల జుల్మానాయు విధింపబడెను.

1817 లో మరల చెర తప్పదని యెరిగి అమెరికాకు పోయెను. లాంగ్ ఐలండులో నివసించుచు, పదునాలుగేండ్ల కుమారుడు జేమ్సునకు లేఖల రూపమున ఇంగ్లీషు వ్యాకరణమును రచించెను. అది 1818 లో న్యూయార్కున ప్రకటింపబడెను. సిపాయిలకు, నావికులకు, పని నేర్చు కుర్రవాండ్రకు, దున్నువారి బిడ్డలకు ఆ గ్రంథము ముఖ్యముగ నుద్దేశింపబడినది. భూత వర్తమాన భవిష్యత్కాలములు మూడే చాలునని, పేర్లను పెంచి బాలురను బెదరింపరాదని యతని మతము. ఐ వర్క్, ఐ వర్క్‌డ్, ఐ షల్ వర్క్ అను తేట మాటలతోనే క్రియను బోధించెను. తప్పులకు ఉదాహరణములుగా రాజప్రసంగములనుండియు, మంత్రుల వ్రాతలనుండియు వాక్యములను చూపెను. గొప్పవారి మాటయైనను తప్పు తప్పే యని, దానిని గుర్తింప నేర్చినవాడు ఎవరికిని బెదరనక్కర లేదని దీని భావము.

కాబెట్టు దోషరహితుడు కాడు. అతని కలము పెక్కుమార్లు పరుషమయ్యెను; నీగ్రో జాతివారిపట్లను యూదులపట్లను అతడు ద్వేషము చూపుట తగనిది. అయినను పేదల పక్షమున ధైర్యముతో వాదించి, 1832 లో ఓల్డ్‌హాము ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించెను. 1835 జూన్ 18 వ తేదీన మరణించి, పుట్టిన యూరనే సమాధి చేయబడెను.

విద్యార్థులారా! మనకు బడియు, గురువులును, దీపమును గలవు. దినమునకొక క్రియను గైకొని, దాని కాలరూపములన్నిటిని చేతితో వ్రాసి, ఒక్కొక్క దానితో స్వంత వాక్యమును కూర్చి, బడికి వచ్చు త్రోవలో వల్లించుకొనుడు. పహరా కాయుచు వ్యాకరణమును సాధించిన సిపాయికి సాధ్యమైనది మనకును సాధ్యమగును.