కనెక్షన్ ఎందుకు కలవదు? వందేళ్ల కిందటే లెక్క తేల్చిన ఆగ్నర్ ఎర్లాంగ్ కథ ఇదీ..

అనంతపురం నుంచి బెంగళూరు హైవే ఎక్కితే కాసేపటికే వచ్చే మండల కేంద్రం రాప్తాడు. పంట బీమాకు ఆఖరి తేదీ అయినా, ఇంటర్ ఫలితాలొచ్చే రోజు అయినా ఇలాంటి ఊళ్లలో నెట్ సెంటర్ల ముందు ఒకటే సీన్. పాస్‌బుక్ పట్టుకుని నిల్చున్న శెనక్కాయల రైతు, హాల్‌టికెట్ నంబర్ చేతి మీద రాసుకొచ్చిన అమ్మాయి, రీఫ్రెష్ కొట్టీ కొట్టీ విసిగిపోయిన ఆపరేటర్. స్క్రీన్ మీద మాత్రం సర్వీస్ అందుబాటులో లేదనే మెసేజ్.

సర్వర్ పాడైందని ఒకరంటారు, నెట్ స్లో అని ఇంకొకరు. కానీ చాలాసార్లు అక్కడ ఏదీ పాడై ఉండదు. వచ్చినవాళ్లు ఎక్కువ, లోపలికి దారులు తక్కువ.. అంతే. ఈ చిన్న విషయాన్ని మొదటిసారి పక్కా లెక్కగా రాసి చూపించిన మనిషి 1929లోనే కన్నుమూశారు. కంప్యూటర్ అంటే ఏంటో ఆయనకు తెలీదు. అయినా సర్వర్ లాగ్‌లు చూసే ప్రతి ఇంజినీర్ ఇవాళ్టికీ ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు. ఆయనే డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్.

బడిపంతులు ఇంట్లో పుట్టిన లెక్కల పిల్లాడు

డెన్మార్క్‌లోని జట్‌లాండ్ ప్రాంతంలో లోన్‌బోర్గ్ అనే పల్లెటూళ్లో 1878 జనవరి 1న ఎర్లాంగ్ పుట్టారు. తండ్రి హాన్స్ ఊరి బడిపంతులు. చర్చిలో గుమాస్తా పని కూడా ఆయనదే. ఎర్లాంగ్ మొదటి చదువంతా తండ్రి దగ్గరే సాగింది.

ఇంట్లో సాయంత్రాలు పుస్తకాలతోనే గడిచేవి. అన్నదమ్ములిద్దరూ ఒకే పుస్తకం చదవాల్సి వచ్చినప్పుడు, అన్న మామూలుగా ఒకవైపు కూర్చుంటే ఎర్లాంగ్ ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేసేవారట. పుస్తకం ఒకటే, చదివేవాళ్లు ఇద్దరు. ఉన్న ఒక్కదాన్ని అందరికీ ఎలా సరిపెట్టాలన్న ప్రశ్నే పెద్దయ్యాక ఆయన జీవితం అయిపోయింది.

చిన్న వయసు కావడంతో ప్రత్యేక అనుమతి తీసుకుని 14 ఏళ్లకే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాశారు. మంచి మార్కులతో పాసయ్యారు. ఆ తర్వాత రెండేళ్లు తండ్రి బడిలోనే పాఠాలు చెప్పారు. కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో గణితం ప్రధానంగా.. ఖగోళం, భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదివి 1901లో డిగ్రీ అందుకున్నారు. ఆపై ఏడేళ్ల పాటు స్కూళ్లలో టీచర్‌గానే పనిచేశారు.

టెలిఫోన్ కంపెనీకి లెక్కల మాస్టారు ఎందుకు?

డెన్మార్క్ గణిత శాస్త్రవేత్తల సంఘం సమావేశాలకు ఎర్లాంగ్ తప్పకుండా వెళ్లేవారు. అక్కడే జోహాన్ జెన్సెన్‌తో పరిచయమైంది. గణితం చదివినవాళ్లకు జెన్సెన్ ఇనీక్వాలిటీ పేరు తెలిసే ఉంటుంది. ఆ జెన్సెన్ అప్పట్లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చీఫ్ ఇంజినీర్. ఆయనే ఎర్లాంగ్‌ను కంపెనీ అధిపతి ఫ్రెడ్రిక్ యోహాన్సెన్‌కు పరిచయం చేశారు. అలా 1908లో ఎర్లాంగ్ ఫోన్ల లోకంలోకి వచ్చారు.

మొదట్లో ల్యాబ్‌లో సాయం చేసే సిబ్బంది కూడా లేరు. భూమిలో పారే దొంగ కరెంటు కేబుళ్లను దెబ్బతీయకుండా చూడాలంటే కొలతలు వీధుల్లోనే తీసుకోవాలి. అందుకని కోపెన్‌హాగన్ రోడ్ల మీద మ్యాన్‌హోళ్లలోకి ఎర్లాంగ్ స్వయంగా దిగేవారు. నిచ్చెన మోసుకుంటూ ఒక పనివాడు వెంట నడిచేవాడు. ఫార్ములాలు రాసే మనిషి కాబట్టి కుర్చీ దిగడని అనుకుంటే పొరపాటే. తప్పు ఎక్కడుందో అక్కడికే వెళ్లి కొలవడం ఆయన అలవాటు.

ఒక పల్లె.. కొన్ని లైన్లు.. అసలు చిక్కు

అప్పటి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఎలా పనిచేసేదో ఒకసారి చూద్దాం. ఊళ్లో ఫోన్లు చాలా ఉంటాయి. కానీ ఊరి నుంచి బయటికి వెళ్లే లైన్లు కొన్నే. అన్నీ బిజీగా ఉన్నప్పుడు ఇంకొకరు ఫోన్ ఎత్తితే కాల్ కలవదు. పోనీ ఫోన్లు ఎన్నో లైన్లూ అన్ని వేద్దామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. తక్కువ వేస్తే జనం తిట్టుకుంటారు. మరి ఎన్ని వేయాలి?

ఈ ప్రశ్నకు అప్పటిదాకా అందాజాగానే జవాబు చెప్పేవారు. ఎర్లాంగ్ మాత్రం కాల్స్ వచ్చే తీరును గమనించారు. ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పలేం. కానీ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వేలమంది ఫోన్ చేస్తుంటే మొత్తం మీద ఒక క్రమం కనిపిస్తుంది. ఆ క్రమం సంభావ్యతా శాస్త్రంలో అప్పటికే తెలిసిన పాయిజాన్ సూత్రానికి సరిపోతుందని 1909లో ఆయన వ్యాసం రాశారు. క్యూల శాస్త్రానికి పునాది పడింది అక్కడే.

1917లో వచ్చిన రెండో వ్యాసం ఇంకా పెద్దది. కాల్స్ ఎన్ని వస్తాయో, ఒక్కోటి సగటున ఎంతసేపు సాగుతుందో, లైన్లు ఎన్నో చెబితే.. నూటికి ఎన్ని కాల్స్ కలవకుండా పోతాయో ముందే చెప్పే ఫార్ములా అందులో ఉంది. వచ్చినవాళ్లు వెనక్కి పోకుండా వేచి ఉంటే ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క కూడా ఉంది.

ఉదాహరణకు గంటకు 100 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 300 నిమిషాల మాటలు.. అంటే 5 గంటలు. గంటలో 5 గంటల మాటలు కాబట్టి 5 లైన్లు చాలు అనిపిస్తుంది కదా? కానీ ఎర్లాంగ్ ఫార్ములాలో వేస్తే నూటికి దాదాపు 28 కాల్స్ కలవవు. ఎందుకంటే కాల్స్ వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు. ఒకసారి గుంపుగా వస్తాయి, ఇంకోసారి ఒక్కటీ రాదు. అదే 10 లైన్లు వేస్తే కలవని కాల్స్ నూటికి రెండు కూడా ఉండవు. లైన్లు రెట్టింపు చేస్తే ఇబ్బంది సగం కాదు, పదిహేనో వంతుకు పడిపోయింది. సగటు చూసి ఏర్పాట్లు చేస్తే ఎలా దెబ్బతింటామో ఈ ఒక్క లెక్క చాలు.

అనంతపురం పల్లెలకు ఇది కొత్త విషయం కాదు. ఎండాకాలం ట్యాంకర్ వచ్చే టైమ్‌కి వీధంతా బిందెలే. అది పోయాక గంటలు గడిచినా అక్కడ ఎవరూ కనిపించరు. రోజు మొత్తానికి సగటు తీస్తే రద్దీయే లేనట్టు ఉంటుంది. బిందె నిండనివాళ్లకే తెలుస్తుంది అసలు సంగతి.

సర్వర్ లాగ్‌లో ఇదే లెక్క ఎలా పనికొస్తుంది?

టెలిఫోన్ లైన్ స్థానంలో సర్వర్‌లోని వర్కర్‌ను పెట్టండి. కాల్ స్థానంలో వెబ్ రిక్వెస్ట్. కథ మారదు. సెకనుకు వచ్చే రిక్వెస్టులను ఒక్కోదానికి పట్టే టైమ్‌తో గుణిస్తే సర్వర్ మీద భారం ఎంతో తెలుస్తుంది. సెకనుకు 100 రిక్వెస్టులు, ఒక్కోదానికి 0.2 సెకను పడితే సగటున 20 మంది వర్కర్లు బిజీ. డేటాబేస్ నెమ్మదించి అదే పని 2 సెకన్లు తీసుకుంటే ఒక్కసారిగా 200 మంది కావాలి. జనం ఒక్కరు కూడా పెరగలేదు. అయినా సైట్ కూలబడుతుంది.

అందుకే ఎర్రర్ కనపడగానే సర్వర్ రీస్టార్ట్ చేయకుండా ముందు లాగ్ తెరవాలంటారు ఇంజినీర్లు. నిమిషానికి ఎన్ని ఎర్రర్లు వచ్చాయో, అవి ఏ నంబర్లో విడదీయాలి. లైనక్స్ సర్వర్ ఎర్రర్ లాగ్‌లో 111 ఉంటే అవతలి ప్రోగ్రామ్ తలుపే తీయలేదని, కనెక్షన్‌ను తిరస్కరించారని అర్థం. అది ఆగిపోయిందేమో, పోర్ట్ నంబర్ తప్పేమో చూడాలి. 110 ఉంటే జవాబు కోసం ఎదురుచూసి గడువు దాటిపోయింది. 104 ఉంటే అవతలివైపు మధ్యలోనే తెంపేశారు. ఇక యాక్సెస్ లాగ్‌లో 502, 504 కనపడితే ముందున్న సర్వర్ బాగానే ఉంది, వెనకున్నదే సరిగా పలకలేదన్నమాట. ఎంజిన్‌ఎక్స్ లాగ్‌లో 499 ఉంటే జవాబు రాకముందే యూజర్ వైపు నుంచి కనెక్షన్ మూసేశారు. విసిగి వెళ్లిపోయినవాళ్లు చాలావరకు ఈ నంబర్ కిందే కనిపిస్తారు.

ఆ తర్వాత అసలు ప్రశ్న. ఎర్రర్లు మొదలయ్యే ముందు పెరిగింది రిక్వెస్టుల సంఖ్యా? లేక ఒక్కో రిక్వెస్టుకు పట్టే టైమా? మొదటిదైతే సర్వర్లు పెంచాలి. రెండోదైతే ఎన్ని పెంచినా పెద్దగా లాభం ఉండదు, ఆలస్యం చేస్తున్న క్వెరీని పట్టుకోవాలి.

ఇక్కడో మెలిక కూడా ఉంది. కాల్ కలవనివాళ్లు వెళ్లిపోతారని, మళ్లీ ప్రయత్నించరని ఎర్లాంగ్ మొదటి ఫార్ములా అనుకుంటుంది. నెట్ సెంటర్‌లో అలా జరగదు. కలవని ప్రతి ఒక్కరూ రీఫ్రెష్ కొడతారు. ఆ రీఫ్రెష్‌లే కొత్త రద్దీ అవుతాయి. ఫలితాలు సరిగ్గా ఒక టైమ్‌కి అని ప్రకటిస్తే అందరూ ఒకే నిమిషంలో వచ్చి పడతారు. అప్పుడు వాస్తవం ఫార్ములా చెప్పినదాని కన్నా దారుణంగా ఉంటుంది.

పెళ్లి చేసుకోలేదు.. పనే లోకం

ఎర్లాంగ్ పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలా భాగం పుస్తకాలకే పోయేది. గణితం, ఖగోళం, భౌతిక శాస్త్రాల పుస్తకాలతో పెద్ద లైబ్రరీ కూడబెట్టారు. మితభాషి. కష్టాల్లో ఉన్నవాళ్లు సాయం కోసం ఆయన ల్యాబ్‌కే వచ్చేవారు. నలుగురికీ తెలియకుండా చేతిలో పెట్టి పంపించేవారు.

ఆయన వ్యాసాలు చిన్నవి. వివరణలు పెద్దగా ఉండవు. మొదట రాసింది డానిష్‌లోనే. అయినా ఆ ఫార్ములాలు దేశాలు దాటాయి. బ్రిటిష్ పోస్ట్ ఆఫీస్ కూడా వాటిని వాడుకుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు ఒకరు కేవలం ఎర్లాంగ్ వ్యాసాలను మూలంలో చదవడానికే డానిష్ నేర్చుకున్నారు. చిన్న భాషలో రాసినంత మాత్రాన పని చిన్నదైపోదని దీన్ని మించిన రుజువేముంది?

కంపెనీలో దాదాపు 20 ఏళ్లు పనిచేసిన ఎర్లాంగ్ అనారోగ్యంతో ఆస్పత్రిలో చేరారు. కడుపుకు ఆపరేషన్ జరిగింది. కోలుకోలేదు. 1929 ఫిబ్రవరి 3న, 51 ఏళ్ల వయసులో కోపెన్‌హాగన్‌లో కన్నుమూశారు.

కొలతకూ, కోడ్‌కూ ఆయన పేరే

చనిపోయిన 17 ఏళ్లకు, 1946లో టెలిఫోన్ రద్దీని కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. ఒక లైన్ గంటసేపు ఆగకుండా బిజీగా ఉంటే అది ఒక ఎర్లాంగ్. పైన చెప్పుకున్న పల్లె రద్దీ 5 ఎర్లాంగ్‌లు.

1986లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేయడం మొదలుపెట్టింది. దానికీ ఎర్లాంగ్ అనే పేరు. ఒక కనెక్షన్ తెగినా మిగతావి ఆగకూడదన్నది ఆ భాష పట్టుదల. మన చేతుల్లో ఉండే వాట్సాప్ వెనక నడిచింది అదే. 2012లో ఒకే సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టి చూపించింది వాట్సాప్.

ఎర్లాంగ్ చేసిన అసలు పని మాత్రం ఇంకోటి.   కలవని కాల్ కూడా లెక్కలోకి రావాలని, అది ఎంతో ముందే చెప్పొచ్చని ఆయన ఫార్ములా చూపించింది.

ఇవాళ కూడా సర్వర్ లాగ్‌లో ఉండేది లోపలిదాకా వచ్చినవాళ్ల జాడే. తలుపు దగ్గర క్యూ నిండిపోయి బయటే రాలిపోయిన కనెక్షన్లు ఆ ఫైల్‌లో కనపడవు. వాటిని ఆపరేటింగ్ సిస్టమ్ కౌంటర్లలో విడిగా వెతకాలి. అది చూడని ఇంజినీర్‌కు లాగ్ ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఆఖరి తేదీ సాయంత్రం పాస్‌బుక్ మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి పోయిన రైతు మాత్రం ఏ లాగ్‌లోనూ ఉండడు. ఆ రైతును కూడా లెక్కపెట్టండి.. ఎర్లాంగ్ ఫార్ములా చెప్పేది అదే.