విలియం రాబిన్సన్: గులాబీకి తోడు తీగను చూపిన తోటమాలి

జూన్ నెలలో ఇంగ్లాండు పల్లెల్లో ఏ ఇంటి ముందు నిలబడినా దాదాపు ఒకటే దృశ్యం. గోడ మీదికి గులాబీ పాకి ఉంటుంది. దాని ముళ్ల కొమ్మల సందుల్లోంచి క్లెమాటిస్ అనే సన్నని తీగ పైకి వెళ్లి ఊదా రంగులోనో ఎరుపులోనో విచ్చుకుంటుంది. రెండింటి మొదళ్లలో మట్టి కనబడకుండా చిన్న చిన్న పూలమొక్కలు అల్లుకుని ఉంటాయి. ఇంగ్లీషువారి ఇంటి తోట అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఈ బొమ్మే. అనాదిగా వాళ్ల తోటలన్నీ ఇలాగే ఉండేవని అనుకుంటాం. కానీ నూటయాభై ఏళ్ల కిందట అక్కడి డబ్బున్నవాళ్ల తోటల్లో ఇలాంటిది కనిపిస్తే తోటమాలి ఉద్యోగం ఊడేది. పేదల గుడిసెల ముందు మాత్రమే గులాబీలు, తీగలు కలిసిమెలిసి పెరిగేవి. ఆ గుడిసెల ముందరి అందాన్ని పెద్ద భవంతులవాళ్ల చేత ఒప్పించిన మనిషి విలియం రాబిన్సన్.

స్వర్ణోత్సవ సంచికలో ఒక తోటమాలి కథ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇటువంటి సంచికల్లో సాధారణంగా శాస్త్రవేత్తలకూ నాయకులకూ చోటు దొరుకుతుంది. రాబిన్సన్ ఆ రెండూ కాదు, పెద్దగా చదువుకున్నవాడు కూడా కాదు. కూలి కుర్రవాడిగా తోటలో అడుగుపెట్టి, ఆ దేశంలో తోటల గురించి అందరూ చదివే రచయిత అయ్యాడు. ఆ ప్రయాణం ఉపాధ్యాయులకు ఆసక్తిగా ఉంటుందని నా నమ్మకం.

ఆయన 1838లో ఐర్లండులో పుట్టారు. బంగాళాదుంప పంటను తెగులు మింగి, లక్షలమంది ఆకలితో చనిపోయిన మహాక్షామం వచ్చేనాటికి ఆయన ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. ఊహ తెలిసిన కొద్దికాలానికే కుర్రామోర్ అనే జమీందారీ తోటలో పనివాడిగా చేరారు. ఆ తర్వాత బాలికిల్కవన్ అనే మరో ఎస్టేటుకు మారి, ఇరవై ఒక్క ఏళ్లకే అక్కడి గాజు గృహాలన్నిటి బాధ్యత మోశారు. చలిదేశంలో ఉష్ణమండలపు మొక్కలు బతకాలంటే గాజు ఇళ్లలో రాత్రంతా పొయ్యిలు మండుతూనే ఉండాలి. 1861లో ఒక చలి రాత్రి, ఎవరితోనో గొడవపడి ఆ పొయ్యిలు ఆర్పేసి, మొక్కలన్నీ గడ్డకట్టి చచ్చేలా చేసి వెళ్లిపోయాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అదంతా అతిశయోక్తి అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఆయన కోపిష్టి అన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. జీవితాంతం గాజు ఇళ్ల మొక్కల మీద ఆయనకున్న చిరాకు చూసి ఎవరో ఆ కథ అల్లి ఉంటారని నాకనిపిస్తుంది.

ఏమైతేనేం, అక్కడినుంచి డబ్లిన్ వెళ్లారు. గ్లాస్నెవిన్ ఉద్యానవనం అధిపతి డేవిడ్ మూర్ చేసిన సాయంతో లండన్ రీజెంట్స్ పార్కులోని వృక్షశాస్త్ర ఉద్యానంలో ఉద్యోగం దొరికింది. చలిని తట్టుకునే మొక్కల విభాగం ఆయనకు అప్పగించారు. అందులోనే బ్రిటన్ అడవి పూలకు ఒక చిన్న మడి ఉండేది. వాటిని సేకరించడానికి పల్లెలు తిరగాల్సి వచ్చింది. ఆయనకు అసలు బడి అదే. పొలం గట్ల మీద, కంచెల మీద, పేదల ఇళ్ల ముందు ఎవరూ పోషించకుండానే పూసే మొక్కలను చూసి, జమీందారుల తోటల్లో తాను ఇన్నేళ్లు చేసిన చాకిరీ ఎంత వృథానో గ్రహించారు.

ఆ చాకిరీ ఏమిటో కాస్త వివరించాలి. విక్టోరియా రాణి కాలంలో గొప్ప ఇళ్ల ముందు తోట అంటే రంగుల తివాచీ. శీతాకాలమంతా గాజు ఇళ్లలో వేలకొద్దీ జెరేనియం, లొబేలియా, కాల్సియోలేరియా నారు పెంచేవారు. వేసవి రాగానే వాటిని గుండ్రటి, నక్షత్రాకారపు మడుల్లో కొలతలు పెట్టి నాటేవారు. చలి మొదలవగానే అన్నీ పీకి పారేసేవారు. సంవత్సరంలో సగం రోజులు మడులు బోసిగా ఉండేవి. మన ఊళ్లలో పార్కుల్లో, ఆఫీసుల ముందు ఎర్ర ఆకుల మొక్కలతో అక్షరాలూ బొమ్మలూ తీర్చే పద్ధతి ఆ తివాచీ తోటకు దూరపు చుట్టమే.

ఇక గులాబీ పరిస్థితి మరీ విచిత్రం. పువ్వులకు రాణి అని పేరు పెట్టి, ఇంటికి దూరంగా విడిగా ఒక గులాబీ మడిలో బంధించారు. అడవి గులాబీ కాండం మీద మనిషి ఛాతీ ఎత్తున అంటుకట్టి, కర్రకు కట్టి, గొడుగుల్లా వరసగా నిలబెట్టేవారు. కింద ఇంకో మొక్క మొలవకూడదు, పేడ వేసిన నల్లటి మట్టి మాత్రమే ఉండాలి. ఉన్న మొగ్గల్లో చాలావాటిని తుంచేసి, ఒకటి రెండింటిని పెద్దగా పెంచి, పెట్టెలో పెట్టుకుని పోటీలకు తీసుకెళ్లడమే లక్ష్యం. తోట ఎలా ఉందన్నది ఎవరికీ పట్టేది కాదు.

రాబిన్సన్ కలం పట్టింది దీనిమీదే. 1866లో ఆయన లిన్నేయన్ సొసైటీ సభ్యుడయ్యారు. మరుసటి ఏడాది పారిస్ ప్రదర్శనకు వెళ్లి టైమ్స్ పత్రికకు వ్యాసాలు పంపారు. అక్కడినుంచి ఆల్ప్స్ పర్వతాలకు వెళ్లారు. 1870లో ఆల్ప్స్ పూల మీద ఒకటి, ‘ది వైల్డ్ గార్డెన్’ పేరుతో ఇంకొకటి, రెండు పుస్తకాలు వచ్చాయి. 1871లో ‘ది గార్డెన్’ అనే వారపత్రిక మొదలుపెట్టారు, 1879లో సామాన్యుల కోసం చవకగా ‘గార్డెనింగ్ ఇల్లస్ట్రేటెడ్’ తెచ్చారు. పండితులతో పాటు చేత్తో పార పట్టే తోటమాలులూ ఆయన పత్రికల్లో రాసేవారు. గెర్ట్రూడ్ జెకిల్ అనే చిత్రకారిణికి రచయిత్రిగా పేరు వచ్చింది కూడా ఈ పత్రికలతోనే. కంటిచూపు మందగించి కుంచెను పక్కనపెట్టి తోటల్లోకి వచ్చిన ఆమె, రంగుల కూర్పు గురించి చెప్పిందంతా ఇంగ్లీషు తోటలకు రెండో కన్ను లాంటిది. ఇద్దరి స్వభావాలూ వేరు. ఆమె నిదానం, ఆయన నిప్పు. అయినా స్నేహం చివరిదాకా నిలిచింది.

1883లో వచ్చిన ‘ది ఇంగ్లిష్ ఫ్లవర్ గార్డెన్’ ఆయన్ని ఇంటింటికీ చేర్చింది. ఆయన బతికుండగానే దానికి పదిహేను కూర్పులు వచ్చాయి. 1884లో ససెక్స్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గర గ్రేవ్‌టై అనే పాత భవంతిని, దాని చుట్టూ సుమారు రెండు వందల ఎకరాలను కొన్నారు. 1598 నాటి రాతి ఇల్లు అది. ఎస్టేట్లలో కూలికి మట్టి తవ్విన కుర్రవాడు నలభై ఆరేళ్లకు ఎస్టేటు యజమాని అయ్యాడు. తర్వాత భూమి వెయ్యి ఎకరాలు దాటింది.

ఇన్నాళ్లూ కాగితం మీద చెప్పింది ఇప్పుడు మట్టిలో చేసి చూపించాలి. ఇంటి కిటికీల కిందికే గులాబీలను తెచ్చారు. అవీ టీ గులాబీలు, అంటే చైనా నుంచి వచ్చిన జాతి రక్తం ఉన్న సుకుమారమైనవి. ఇంగ్లాండు మంచుకు ఇవి ఆగవని అందరూ అనేవారు. ఆయన పొట్టి పొదలుగా, వీలైనచోట సొంత వేళ్ల మీదే పెంచి, మొదళ్లలో వయోలాలు, పింకులు వంటి నేలబారు పూలు నాటారు. పేడ మట్టి తప్ప ఇంకేమీ ఉండకూడదన్న నియమం అలా పోయింది. ఒక తమాషా చెప్పాలి. 1892లో రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ అనే వాస్తుశిల్పి, తోట గీత గీసినట్టు ఉండాలనీ, దాన్ని నిర్ణయించాల్సింది ఇల్లు కట్టినవాడేననీ ఒక పుస్తకం రాశాడు. రాబిన్సన్ ఆ వాదాన్ని చీల్చి చెండాడారు, ఇద్దరికీ ఏళ్ల తరబడి వాగ్యుద్ధం నడిచింది. తీరా చూస్తే గ్రేవ్‌టైలో ఇంటి ముందు ఆయన వేయించినవి చతురస్రపు మడులు, రాళ్లు పరిచిన తిన్నని దారులు! నిజానికి ఆయన తగువు గీతతో కాదు, మొక్కను గీతకు బానిసను చేయడంతోనే అని ఇవాళ మనం దూరంనుంచి చెప్పగలం. ఆ వేడిలో వాళ్లిద్దరికీ అది తట్టలేదు.

క్లెమాటిస్ సంగతి ఇంకా ఆసక్తికరం. పెద్ద పూల క్లెమాటిస్ అప్పటికి కొత్త ముచ్చట. వోకింగ్‌లోని జాక్‌మన్ నర్సరీ 1858లో చేసిన సంకరం వల్ల జాక్‌మనై అనే ముదురు ఊదా రకం పుట్టి, దేశాన్ని ఊపేసింది. (మన తూర్పు కనుమల్లోనూ ఈ కుటుంబపు అడవితీగ ఒకటి ఉంది, తెల్లటి చిన్న పూల క్లెమాటిస్ గౌరియానా.) కానీ ఆ మోజుకు త్వరలోనే దెబ్బ తగిలింది. నిన్న మొగ్గలతో కళకళలాడిన తీగ ఇవాళ నల్లబడి వేలాడేది. కొని నాటినవాళ్లు విసిగిపోయారు. రాబిన్సన్ నేరం అంటు మీద మోపారు. నర్సరీలు తొందరగా అమ్ముకోవడానికి అడవి క్లెమాటిస్ వేరు మీద అంటుకట్టి ఇస్తున్నాయనీ, తీగను మట్టిలో తొక్కి సొంత వేరు పట్టించిన మొక్కే బతుకుతుందనీ వాదించారు. ఆ జబ్బుకు కారణం ఒక శిలీంధ్రమని తర్వాత తేలింది. అంటే కారణం చెప్పడంలో ఆయన పొరబడ్డారు. వైద్యం మాత్రం చాలావరకు సరైనదే. సొంత వేరు ఉన్న తీగ పైన చచ్చినా కిందినుంచి మళ్లీ తన చిగురే వేస్తుంది. అంటు తీగ పైభాగం పోతే మిగిలేది అడవి వేరు. ఇప్పటికీ పెద్ద పూల రకాలను కుండీలో ఉన్నదానికంటే రెండు మూడు అంగుళాలు లోతుగా నాటమని చెప్పేది అందుకే.

తీగను కర్రలకు బిగించి కట్టడం కూడా ఆయనకు నచ్చలేదు. అడవిలో ఆ తీగ ఎలా ఉంటుందో చూశారు. వేళ్లు పొదల నీడలో చల్లగా, తల ఎండలో. ఆకు కాడలనే చేతులుగా చేసుకుని పక్క మొక్కను పట్టుకుని పాకుతుంది. కాబట్టి దానికి పొదలనూ చెట్లనూ తోడిచ్చారు. గులాబీతో దాని జోడీ కుదరడానికి గట్టి కారణాలున్నాయి. గులాబీ ముళ్ల కొమ్మలే నిచ్చెన. తొలి విడత గులాబీలు వాడే వేళకు క్లెమాటిస్ అందుకుంటుంది. వేసవి చివర పూసే రకాలనైతే ఫిబ్రవరి, మార్చిలో నేలకు అడుగు ఎత్తున కోసేయవచ్చు, గులాబీని కత్తిరించేదీ దాదాపు అప్పుడే. రెండు కొమ్మలూ చిక్కుపడి కూర్చునే బాధ ఉండదు. చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: రెండింటినీ ఒకే గోతిలో పెట్టకూడదు. రెండు మూడడుగుల దూరంలో తీగను నాటి, పుల్ల ఆసరాతో గులాబీ వైపు వంచాలి. లేకపోతే నీటికీ ఎరువుకూ పెనుగులాట తప్పదు.

1909లో పెద్ద దెబ్బ తగిలింది. చర్చికి వెళ్లే దారిలో కంచె దాటబోయి జారిపడ్డారు. వెన్ను దెబ్బతింది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆనాటినుంచి చక్రాల కుర్చీయే గతి. మిగతావాళ్లయితే తోటను కిటికీలోంచి చూసుకుంటూ రోజులు లెక్కపెట్టేవారు. ఆయన ఇంకో పాతికేళ్లు తోట చేశారు. కుర్చీలో తిప్పుతుంటే సంచిలోని విత్తనాలు అటూ ఇటూ చల్లేవారు. 1911లో గ్రేవ్‌టైలో తాను చేసిన ఇరవై ఏళ్ల పనిని ఏడాది వారీగా పుస్తకంగా వేశారు. ఏ చెట్టు ఎప్పుడు నాటాం, ఏది బతికింది, ఏది చచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. 1912లో క్లెమాటిస్ మీద ‘ది వర్జిన్స్ బోవర్’ అనే చిన్న పుస్తకం వచ్చింది. అంటే క్లెమాటిస్ మీద ఆయన పుస్తకం నడవలేని రోజుల్లోనిదే.

అది సాధ్యమైంది ఎర్నెస్ట్ మార్కమ్ వల్ల. 1910లో పెద్ద తోటమాలిగా వచ్చిన ఈయన ముసలాయనకు కాళ్లూ చేతులూ అయ్యాడు. ఫ్రాన్సులోని లియోన్ నగరపు ఫ్రాన్సిస్క్ మోరెల్ పెంచిన క్లెమాటిస్ మొక్కలు గ్రేవ్‌టైకి చేరాయి. వాటిలో చిన్న ట్యూలిప్‌లా పైకి లేచి పూసే ఎర్రటి రకానికి ‘గ్రేవ్‌టై బ్యూటీ’ అని పేరు వచ్చింది. మార్కమ్ స్వయంగా విత్తనాలు నాటి, వచ్చినవాటిలో మేలైనవి ఏరేవాడు. పనివాళ్లతో రాబిన్సన్ కటువుగా ఉండేవారని చాలామంది రాశారు. మార్కమ్‌తో మాత్రం పాతికేళ్లు సాగింది. తన బాల్యంలో తనకు దొరకని గౌరవాన్ని ఆయన ఒక్క ఈ మనిషికైనా ఇచ్చారని అనుకోవాలనిపిస్తుంది.

1935 మే నెలలో, తొంభై ఆరేళ్ల వయసులో రాబిన్సన్ కన్నుమూశారు. ఇంగ్లాండులో దహనం అన్న మాటకే జనం ముఖం చిట్లించే రోజుల్లో ఆయన దాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. లండన్ గోల్డర్స్ గ్రీన్ దహనవాటికకు తోట తీర్చిందీ ఆయనే. ఆయన దేహం అక్కడికే చేరింది. గ్రేవ్‌టైని అడవుల పెంపకం కోసం దేశానికి రాసిచ్చారు. యుద్ధకాలంలో తోట పాడుబడింది. 1958 తర్వాత ఆ భవంతి హోటలుగా మారి, తోటను మళ్లీ ఆయన పద్ధతిలోనే బాగుచేశారు.

మార్కమ్ తన క్లెమాటిస్ పుస్తకాన్ని యజమాని పోయిన ఏడాదే వెలువరించి, 1937లో తానూ వెళ్లిపోయాడు. ముదురు గులాబీ ఎరుపులో, వెడల్పాటి రేకులతో ఆగస్టు దాకా పూసే ఒక క్లెమాటిస్‌కు ఆయన పేరే ఉంది. ‘ఎర్నెస్ట్ మార్కమ్’ కావాలని అడిగితే ఇంగ్లాండు నర్సరీల్లో ఇప్పటికీ ఇస్తారు. దాన్ని లేత రంగు గులాబీ పక్కన నాటుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.