మట్టితో లోకమును నేర్పిన గురువు

భూగోళశాస్త్ర మనగా నదుల పేర్లు, పర్వతముల యెత్తులు, రాజధానుల పట్టికలు వల్లించుటయే యని పలువురు తలంతురు. రెండు వందల యేండ్ల క్రిందట ఐరోపా పాఠశాలలలో ఈ పద్ధతియే వ్యాపించి యుండెను. కన్నెరుగని దేశముల పేర్లను అప్పగించు బాలుడు తన యూరి యేరు ఏ కొండలో పుట్టినదో చెప్పలేకుండెను. ఈ పద్ధతిని మార్చుటకు జీవితమును ధారపోసిన మహనీయుడు జోహాన్ హైన్రిఖ్ పెస్టలాజీ.

ఆయన 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయెను. తల్లియు, నమ్మకస్తురాలైన పనికత్తె బాబెలియు ఆయనను కష్టపడి పెంచిరి. తాతగారు ఒక పల్లెలో క్రైస్తవ మతాచార్యులు. ఆయన వెంట పేదల యిండ్లకు పోయి వచ్చుచుండిన బాలుని హృదయమున దయ నాటుకొనెను.

పెద్దవాడైన పిదప పెస్టలాజీ నాయ్‌హోఫ్ అను చోట సేద్యము చేసి నష్టపడెను. 1774 ప్రాంతమున ఆ యింటనే పేదపిల్లలను చేర్చుకొని నూలు వడకుటయు, చదువుటయు కలిపి నేర్పెను. ధనము చాలక 1780 నాటికి ఆ పాఠశాల మూతపడెను. 1798లో ఫ్రెంచి సైన్యములు స్టాన్స్ పట్టణమును ధ్వంసము చేసెను. పిమ్మట అచ్చటి అనాథ బాలల పోషణభారమును ప్రభుత్వము ఆయన కప్పగించెను. పెస్టలాజీ వారితోనే భుజించుచు, వారి నడుమనే నిద్రించుచు తండ్రివలె సాకెను. కొన్ని నెలలకే ఆ భవనము సైనికుల ఆసుపత్రి యయ్యెను. ఏబదిమూడేండ్ల వయస్సున ఆయన మరల రిక్తహస్తుడై నిలిచెను. అయినను నిరాశ చెందలేదు.

1805లో ఇవెర్డాన్ పట్టణమునందలి పాత కోటలో ఆయన విద్యాలయము నెలకొనెను. అచ్చట భూగోళ పాఠము పుస్తకముతో మొదలయ్యెడిది కాదు. ఉపాధ్యాయులు బాలురను బ్యూరోన్ అను చిన్న యేరు పారు లోయకు నడిపించుకొని పోయెడివారు. బాలురు మొదట లోయనంతటిని పారజూచి, పిమ్మట ఒక్కొక్క భాగమును పరిశీలించెడివారు. లోయ ప్రక్కనున్న బంకమట్టిని త్రవ్వి బుట్టల కెత్తుకొని కోటకు తెచ్చెడివారు. పొడవైన బల్లల చుట్టు కూర్చుండి, తాము చూచిన లోయను ఆ మట్టితో మలచెడివారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగము వంతు వచ్చెడిది. మరునాడు మరికొంత ఎత్తైన చోటి కెక్కి చూచి, ఆ రూపమును మరికొంత విస్తరింపజేసెడివారు. అది పూర్తియైన పిమ్మటనే దేశపటము వారి కంటబడెడిది. అప్పటికి దానిలోని ప్రతి గీతకు అర్థము వారికి తెలిసియే యుండెడిది. చేరువనున్న దానినుండి దూరమునకు, ఏటినుండి సముద్రమునకు పోవలెననుటయే ఆ గురువు సూత్రము.

ఈ విద్యాలయమును చూడవచ్చిన వారిలో కార్ల్ రిట్టర్ అను జర్మను యువకు డొకడు. భూగోళ విషయములలో పెస్టలాజీకి పాఠశాల బాలునికున్నంత పరిజ్ఞానమైనను లేదని రిట్టరు గ్రహించెను. అయినను ఆ శాస్త్రమార్గమును తనకు చూపినవా డాయనయే యని కృతజ్ఞతతో చెప్పుకొనెను. ఆ రిట్టరే 1820లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున భూగోళశాస్త్రాచార్యుడై, ఆధునిక భూగోళశాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడుగా కీర్తి గాంచెను.

ఉపాధ్యాయుల నడుమ కలహములు పెరిగి 1825లో ఇవెర్డాన్ విద్యాలయమును మూసివేసిరి. వృద్ధుడైన పెస్టలాజీ నాయ్‌హోఫ్‌నకు మరలిపోయి, 1827 ఫిబ్రవరి 17వ తేదీన బ్రుగ్ పట్టణమున కన్నుమూసెను. ఆయన నెలకొల్పిన పాఠశాలలలో పెక్కు ఆయన కన్నులయెదుటనే మూతపడినవి. కాని ఆయన పద్ధతి నిలిచినది. బడి పెరటిలో మట్టితో కొండలను, నదులను మలచు బాలబాలికలు నేడును పెక్కు దేశములలో కలరు. వారిలో పలువు రాయన పేరైన నెరుగరు. అయినను వారందరు ఆయన శిష్యులే.