కట్టమంచివారి దూరదృష్టి

చెఱువు త్రవ్వించినవాడు తన పొలము నొక్కదానిని తడుపుకొనుటకే త్రవ్వింపడు. కట్ట గట్టిదైనచో వాని మనుమల కాలమునను పంట పండును. విశ్వవిద్యాలయ నిర్మాణమును ఇట్టిదే. నేడు వేసిన పునాదికి ఫలము ఇరువది ముప్పది సంవత్సరములకు గాని కానరాదు. అంతదూరము చూడగలిగిన తెలుగువారిలో సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు అగ్రగణ్యులు. వారి చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించి బహుమతి నందిరి. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగకుండుటకై ప్రాణము లర్పించిన కోడలి కథ యది. పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెళ్ళి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్సు కళాశాలలో చరిత్ర నభ్యసించి, ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి.

తిరిగివచ్చిన పిదప వారికి తొలి కొలువు తెలుగుదేశమున దొరకలేదు. మరాఠీ ప్రభువులైన గాయక్వాడుల బరోడాలో ఆచార్యులుగా పనిచేసిరి. అటుపిమ్మట కన్నడదేశమైన మైసూరునకు వెళ్ళి మహారాజా కళాశాలలో బోధించి, దానికి అధ్యక్షులై, 1918 నుండి 1921 వరకు ఆ సంస్థానపు విద్యాశాఖ కధిపతులైరి. 1916లో నెలకొన్న మైసూరు విశ్వవిద్యాలయపు రూపకల్పనలోను పాలుపంచుకొనిరి. ఇతర భాషల నడుమ ఇన్ని యేండ్లు గడపియు వారు తెలుగును విడువలేదు. అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి; ‘కవిత్వతత్త్వ విచారము’తో సాహిత్యవిమర్శకు క్రొత్తత్రోవ చూపిరి.

1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టముచే ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడెను. రెడ్డిగారే దానికి తొలి ఉపకులపతులు. నాడు దానికి సొంతభవనములు లేవు, కేంద్రము బెజవాడ. ఏ పట్టణమున నుండవలెనను విషయమై జిల్లాల నడుమ గొప్ప వివాదము చెలరేగెను. దత్తమండలములు 1929లో మరల మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరెను. తుదకు ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రము విశాఖపట్టణమున వాల్తేరు మెట్టలకు మారెను. ఇన్ని యొడుదొడుకులలోను రెడ్డిగారు ముఖ్యవిషయమును మఱువలేదు. కళాశాలలకు పరీక్షలు జరిపి పట్టములిచ్చినంతనే విశ్వవిద్యాలయము కాదనియు, బోధనయు పరిశోధనయు అచ్చటనే సాగవలెననియు వారి నిశ్చయము.

ఇంతలో 1930లో ఉప్పుసత్యాగ్రహము వచ్చెను. ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు పదవికి రాజీనామా చేసిరి. తాము నాటిన మొక్క చిగురించు వేళ దానిని విడిచిపోవుట సామాన్యమైన త్యాగము కాదు. అయినను పని నిలువలేదు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఉపకులపతులై కళాశాలలను తెరపించిరి. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట 1 లక్ష రూపాయల విరాళమును ఏర్పరచిరి; విజ్ఞానశాస్త్ర, సాంకేతిక కళాశాల వారి పేరనే వెలసినది. ఒరిస్సాలోని ప్రభువు తెలుగువారి విద్యకు ఇంత సాయము చేయుట మనము స్మరింపదగిన విషయము.

1936లో రెడ్డిగారు మరల ఉపకులపతులై 1949 వరకు ఆ పదవిలో నుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలిపోవలసివచ్చెను. అట్టి చిక్కులలోను క్రొత్తశాఖల ఏర్పాటు ఆగలేదు. 1941లో భూగర్భశాస్త్రశాఖ, 1949లో భూభౌతికశాస్త్రశాఖ వెలసెను. కొండలలో ఖనిజములును, ముంగిట సముద్రమును గల సీమకు ఈ శాస్త్రములు ఎంత యవసరమో తరువాతి తరములకు తెలిసివచ్చినది. రెడ్డిగారు 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. వివాహము చేసికొనక జీవితమును విద్యకే అంకితము చేసిన మహనీయులు వారు.

ఈ చరిత్రతో మనకేమి పని యని యెవరైన అడుగవచ్చును. మన నాందేడునకు సొంతవిశ్వవిద్యాలయము 1994లో గాని రాలేదు. అంతకుముందు కొంతకాలము హైదరాబాదువైపును, 1958 తరువాత ఔరంగాబాదువైపును చూడవలసియుండెను. మహారాష్ట్రమున 2016 నాటి చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయమును 5 సంవత్సరములకొక బృహత్ప్రణాళికను సిద్ధపరుపవలెను. క్రొత్త కళాశాల ఏ యూర నుండవలెను, ఏ పాఠ్యక్రమము ప్రారంభింపవలెను అను విషయములు అందు నిర్ణయమగును. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వటు వంటి సరిహద్దు తాలూకాలలోని మన పిల్లల పైచదువు దానిపై ఆధారపడియున్నది. కావున అట్టి ప్రణాళికలు తయారగునపుడు తల్లిదండ్రులు మౌనముగా నుండరాదు. తమ యూరి అవసరమును విన్నవింపవలెను.

ఇంటిలోను ఇట్టి ప్రణాళిక యుండవలెను. తెలుగున చదివినచో పైచదువు మూతపడునను భయము కొందఱికి గలదు. తెలుగుకావ్యముతో మొదలిడిన రెడ్డిగారు కేంబ్రిడ్జిలోను, బరోడాలోను, మైసూరులోను రాణించిరి గదా! మాతృభాషను పునాదిగా నుంచి, రాజ్యభాషయైన మరాఠీని శ్రద్ధతో నేర్చి, ఇంగ్లీషును అలవరచుకొన్న బాలునకు ఏ ద్వారమును మూయబడదు. పరీక్ష యేటి కొకటి. విద్య జీవితమున కంతటికి. విద్యార్థులారా! రానున్న పదియేండ్లకు నేడే పునాది వేయుడు. ఆ మహనీయునకు మన మర్పింపగల నివాళి అదియే.