ప్రొటెస్టెంటు అను పేరు – హయ్యర్ గారి ప్రయాణము

మన గోదావరి జిల్లాలలో ప్రొటెస్టెంటు అనగా రోమను కతోలికులు కానివారని మాత్రమే చాలమంది తలంతురు. మేమును చిన్ననాట ఆ మాట విని, ఎవరినో ఎదిరించువారమని అనుకొంటిమి.

ఆ పేరు 1529 ఏప్రిల్‌లో జర్మనీలోని స్పెయరు పట్టణమున పుట్టినది. 1526లో అక్కడే జరిగిన సభ, మత విషయములలో ఆయా పాలకులకు కొంత స్వేచ్ఛ నిచ్చెను. 1529 సభలో అధిక సంఖ్యాకులు దానిని రద్దుపరచిరి. అప్పుడు ఆరుగురు ప్రభువులు, పదునాలుగు పట్టణములవారు, దేవునికి లెక్క చెప్పవలసిన సంగతిలో ఎక్కువమంది తీర్మానము తమను బంధింపజాలదని వ్రాసి యిచ్చిరి. లూథరు గారు ఆ సభలో లేనే లేరు! లాటిను భాషలో ఆ మాటకు బహిరంగముగా సాక్ష్యమిచ్చుట అని అర్థము.

ఈ అర్థము తేటపడవలెనన్న రాజమండ్రి మిషను నిలిచిన సంగతి వినవలెను.

క్రిష్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో జన్మించిరి. చిన్నతనముననే అమెరికా చేరి, పాదిరియై, 1842 జూలై 31న గుంటూరు వచ్చిరి. నడుమ స్వదేశము వెళ్లి, ఏబది యేండ్లు దాటిన పిమ్మట వైద్యము చదివి పట్టా పుచ్చుకొని, మరల వచ్చి పల్నాటిలో పనిచేసిరి. 1857లో తిరిగి వెళ్లి, చలి మిక్కుటమైన మిన్నెసోటాలో సంఘములు కట్టిరి.

రాజమండ్రి పనిని 1845లో జర్మను మిషనెరీ వాలెట్ గారు ఆరంభించిరి. తరువాత అది అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. అక్కడి అంతర్యుద్ధము వలనను, ఆ పిదప లూథరనులలో కలిగిన చీలిక వలనను ద్రవ్యము, మనుష్యులు కొరవడిరి. 1869లో రాజమండ్రి, సామర్లకోటలను చర్చి మిషనెరీ సొసైటీకి అప్పగింప తలపెట్టిరి. ఆ సొసైటీవారును ప్రొటెస్టెంటులే, బందరులో మంచి పని చేయుచుండినవారే. కనుక ఇందు ఎవరి ద్రోహమును లేదు.

అప్పుడు హయ్యర్ గారు జర్మనీలో నుండిరి. సంగతి తెలియగానే అట్లాంటిక్ దాటి, పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణమున కూడిన సంఘ సభకు వెళ్లిరి. మిషనును విడువవద్దని వేడుకొనిరి. పంపుటకు మనిషి లేడన్నచో తానే పోవుదుననిరి. అప్పటికి ఆయనకు డెబ్బదియారవ యేడు నడుచుచుండెను. తీర్మానమునకు అడ్డుచెప్పుట సులువు, మన సంఘ కూటములలో చూచుచునే యున్నాము. ఆ వయస్సున ఓడ యెక్కుట వేరు. సభవారు మనస్సు మార్చుకొనిరి.

1869 డిసెంబరు 1న ఆయన రాజమండ్రి చేరిరి. ష్మిత్, పౌల్సన్ గార్లు ఆయన పనిని అందుకొనిరి. 1871లో హయ్యర్ గారు గోదావరిని విడిచి వెళ్లి, 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించిరి. ఆయన దేహమును పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ ప్రాంతమున, ముందే గతించిన భార్య సమాధి చెంత ఉంచిరి.