మెడ మీద కాడి వద్దనుకున్నాడు

మా చెల్లెలి కొడుక్కి ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ కార్ల పందేల పిచ్చి పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయం రేసు ట్రాక్‌కి పరుగు. మొన్నామధ్య కొనాల్సిన సరంజామా చిట్టా తెచ్చి చూపించాడు. హెల్మెట్టు, దాని మీద రంగుల బొమ్మలు, మంటలంటుకోని సూటు, గ్లోవ్సు, బూట్లు... అన్నిటికీ టిక్కులున్నాయి. ఒక్కదాని ఎదురుగా మాత్రం తర్వాత అని రాశాడు. అదేమిట్రా అంటే హాన్స్ అట, మెడని కాపాడేదట. ఆ మాట పట్టుకుని చదువుతూ పోతే డేల్ ఎర్న్‌హార్ట్ కథ దొరికింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

డేల్ 1951 ఏప్రిల్ 29న అమెరికాలోని నార్త్ కరొలైనాలో, కన్నాపొలిస్ అనే ఊళ్లో పుట్టాడు. తువ్వాళ్లు, దుప్పట్లు నేసే మిల్లు చుట్టూ ఎదిగిన ఊరది. తండ్రి రాల్ఫ్ మిల్లు పని వదిలేసి, ఇంటి వెనక షెడ్డులో కార్లు తయారు చేసుకుని, చిన్న చిన్న ట్రాకుల మీద గెలిచిన డబ్బుతోనే సంసారం ఈదాడు. తల్లి మార్తాకి ఐదుగురు పిల్లలు. కొడుకు చదువుకుంటే చాలని తండ్రి ఆశ. డేల్ తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాడు. అది రాల్ఫ్‌కి పెద్ద దెబ్బే. 1973లో ఆయన గుండెపోటుతో పోయేనాటికి వయసు 45.

ఇరవై రెండేళ్ల డేల్‌కి అప్పటికే పెళ్లయింది, పిల్లలున్నారు. వారమంతా దొరికిన పనల్లా చేసి, వారం చివర పందెంలోకి దిగేవాడు. మూణ్ణెల్ల గడువు మీద అప్పు తెచ్చి టైర్లు కొనడం, గెలిస్తే తీర్చడం! ఇంట్లో ఆడవాళ్ల పరిస్థితి ఎలా ఉండేదో మనకి వేరే చెప్పాలా?

1979లో కొత్తవాళ్లలో మేటి అనిపించుకున్నాడు, ఆ మరుసటేడే నాస్‌కార్ చాంపియన్ అయ్యాడు. మొత్తం ఏడుసార్లు ఆ పట్టం గెలిచాడు. మూడో నంబరు నల్లకారు అద్దంలో కనబడితే ముందున్నవాడికి వణుకు పుట్టేదట. 1996లో పెద్ద ప్రమాదంలో కాలరు ఎముక, రొమ్ము ఎముక విరిగాయి. రెండు వారాలకే మళ్లీ స్టీరింగు పట్టుకుని అందరికంటే ముందు వరసలో నిలిచాడు. డేటోనా 500 పందెం మాత్రం ఇరవయ్యో ప్రయత్నంలో, 1998లో గానీ చేతికందలేదు.

అంత మొండివాడికి తల కదలకుండా పట్టి ఉంచే సాధనం నచ్చలేదు. హెల్మెట్టు కూడా ముఖం కనబడే పాత రకమే. నిజానికి హాన్స్‌ని 1980లలోనే తయారు చేశారు. చేసినవాళ్లు రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసర్, జిమ్ డౌనింగ్ అనే రేసరు. ఇద్దరూ బావాబావమరుదులు. భుజాల మీద కాడిలా కూచుంటుంది. దాని మీదుగా బెల్టులు బిగిస్తారు. రెండు పట్టీలు హెల్మెట్టుకి తగిలిస్తారు. అది లేకపోతే కారు గోడకి కొట్టుకున్నప్పుడు బెల్టుల వల్ల ఒళ్లు ఆగుతుంది గానీ తల ఆగదు. హెల్మెట్టుతో కలిపి ఆరేడు కిలోల తల ముందుకి విసురుగా లాగేస్తుంటే పుర్రె అడుగుభాగం విరుగుతుంది. బెల్టు ఎంత గట్టిదైనా ఈ ఒక్కటీ చెయ్యలేదు. (మన ఇళ్లలో కార్ల సీటుకుండే తలదిండు వేరు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ వెనక్కి విరగకుండా ఆపేది అది. మా ఇంట్లోనూ దాన్ని కిందికి నొక్కేసి ఉంచారు. ఆ మర్నాడే పైకి లాగాను.)

2000 సంవత్సరంలో ఇలా పుర్రె అడుగు విరిగి ముగ్గురు నాస్‌కార్ రేసర్లు పోయారు. ఆడమ్ పెట్టీకైతే పందొమ్మిదేళ్లే. అయినా చాలామంది మారలేదు, డేల్ కూడా.

2001 ఫిబ్రవరి 18, డేటోనా. చివరి చుట్టు. ముందు తన సొంత జట్టు మైకేల్ వాల్ట్రిప్, వెనకే డేల్ కొడుకు డేల్ జూనియర్. మూడోవాడు తండ్రి. ఆఖరి మలుపులో నల్లకారు అదుపుతప్పి దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో గోడకి కొట్టుకుంది. చూసినవాళ్లకి అదంత ఘోరంగా కనబడలేదు. గెలిచినవాళ్లు ఆనందంలో ఉన్నారు. డేల్ మాత్రం ఇక లేడు. 49 ఏళ్లు.

నడుం బెల్టు ఒకవైపు తెగి ఉందన్నారు. దాని మీద పెద్ద రగడే జరిగింది. భార్య థెరిసా శవపరీక్ష ఫొటోలు బయటికి రాకూడదని కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరి ఒక నిపుణుడు వాటిని చూశాడు. బెల్టు తెగకపోయినా, తలకి పట్టు లేనందువల్ల బతికేవాడు కాకపోవచ్చునని ఆయన తేల్చాడు.

అదే ఏడాది అక్టోబరులో తలపట్టు తప్పనిసరి చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటినా ఆ అగ్రశ్రేణి పందేల్లో ఒక్క రేసరూ చనిపోలేదు.

ఇదంతా మావాడికి కూచోబెట్టి చెప్పాను. మొహం చిట్లించి, మెడ తిప్పలేనేమో పెద్దమ్మా అని గునిశాడు. వాళ్లమ్మ పక్కనే చిక్కుళ్లు తీస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. పెన్ను తీశాడు. తర్వాత అన్న మాట కొట్టేసి, హెల్మెట్టు మీద రంగుల బొమ్మల ఎదురుగా రాసుకున్నాడు.