విశ్వవిద్యాలయమునకు పునాది వేసిన కట్టమంచివారు

మరమగ్గాల మోతతో తెల్లవారే భివండీలో విశ్వవిద్యాలయపు మాట ఎందుకని సోదరులు కొందరు అడుగవచ్చును. నూలుకు, చదువుకు చుట్టరికము పాతది. ఇంగ్లండులో మిల్లుల నగరమైన మాంచెస్టరులో జాన్ ఓవెన్స్ అను బట్టల వర్తకుడు, మతభేదము పాటించని కళాశాల కొరకు సుమారు 96 వేల పౌనులు వ్రాసియుంచి 1846లో కన్నుమూసెను. 1851లో తెరచిన ఆ కళాశాలయే పెరిగి విశ్వవిద్యాలయమైనది.

మన తెలుగువారిలో అట్టి నిర్మాణమునకు పూనుకొన్నవారు డాక్టరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారు 1880 డిసెంబరు 10న చిత్తూరు చెంత కట్టమంచిలో జన్మించిరి. విద్యార్థిగా ఉండగనే ‘ముసలమ్మ మరణము’ కావ్యము వ్రాసిరి. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, బరోడాలోను మైసూరులోను విద్యారంగమున పనిచేసిరి.

తెలంగాణమున 1918లో ఉస్మానియా వెలసినది. కోస్తా, రాయలసీమ విద్యార్థులకు మాత్రము పట్టము కావలెనన్న మదరాసే దిక్కు. 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడగా రెడ్డిగారు తొలి వైస్ ఛాన్సలరు అయిరి. ఏ ఊర నిలుపవలెనన్న తగవు తీరి, 1930లో అది వాల్తేరు చేరినది.

సంస్థ అప్పుడే నిలదొక్కుకొనుచున్నది. ఆ యేడే సత్యాగ్రహులపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు పదవి విడిచిరి. పెంచిన బిడ్డను పొరుగింట దింపి వచ్చినట్టి బాధ అది. అయినను వెనుదీయలేదు. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ భారము వహించిరి.

1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు నడిపిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చి ఆదుకొనిరి. విజ్ఞాన, సాంకేతిక కళాశాల వారి పేరనే వెలసినది. 1933లో ఓడరేవు తెరచిన విశాఖలో రసాయన సాంకేతికశాస్త్రము కూడ చదువులలో చేరినది. 1942లో విశాఖపై బాంబులు పడగా విద్యాలయము గుంటూరుకు తరలిపోయి, యుద్ధానంతరము తిరిగి వచ్చినది. 1951 ఫిబ్రవరి 24న రెడ్డిగారు పరమపదించిరి. వివాహము చేసికొనని వారికి ఆ విద్యాలయమే సంతానము.

ఒక వర్తకుని ఆస్తి, ఒక రాజుగారి దానము, ఒక పండితుని పట్టుదల చదువుల ఊళ్లను నిలిపినవి. మనకు రాజులు లేరు, రెక్కల కష్టమున్నది. పద్మానగర్ పిల్లలెవ్వరును బడి విడిచి మగ్గము చెంతకు పోకుండ, ప్రతి ఇంటివారు సంపాదనలో కొంత చదువుకై తీసిపెట్టవలెనని ఈ ఉగాదినాడు మేము కోరుచున్నాము.